ఫారం-16 ఒక్కటే ఉంటే మీరే వేసుకోండి, పొలం కూడా ఉంటే కాస్త ఆగండి

జూన్, జూలై నెలలొస్తే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ స్టాఫ్ రూముల్లో, బ్యాంకు కౌంటర్ల దగ్గర ఇదే మాట: ‘‘ఐటీ రిటర్న్ నువ్వే వేసుకుంటున్నవా, ఆడిటర్‌కు ఇచ్చినవా?’’ చాలామంది దీన్ని జీతం సైజును బట్టి తేల్చేస్తారు. తక్కువైతే మనమే, ఎక్కువైతే ఆడిటర్. నిజానికి జీతం 20 లక్షలున్నా గంటలో పని ముగిసేవారున్నారు. 11 లక్షలకే లెక్క తప్పే వారూ ఉన్నారు. మీ ఆదాయం ఎన్ని దారుల్లో వస్తోంది, ఆ దారులన్నీ ఇప్పటికే పన్ను శాఖ కాగితాల్లోకి ఎక్కాయా అన్నది చూసుకుంటే జవాబు దానంతటదే తేలుతుంది. మన మూడు ఊళ్లలో ఆ కాగితాలకు అందని దారి ఎక్కువగా పొలం గట్టు మీదుగానే వస్తుంది. దాని సంగతి కాసేపట్లో చూద్దాం.

ముందుగా అందరూ అడిగేది: ‘‘12 లక్షల దాకా పన్ను లేదన్నరు గదా, ఇక రిటర్న్ ఎందుకు?’’ పన్ను పడకపోవడం వేరు, రిటర్న్ వేయనక్కర్లేకపోవడం వేరు. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త విధానంలో మొదటి 4 లక్షల మీద పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల దాకా 5 శాతం, 8 నుంచి 12 దాకా 10 శాతం, 12 నుంచి 16 దాకా 15 శాతం, ఆపైన ఇంకా ఎక్కువ. ఇలా లెక్కకట్టిన పన్ను మీద, ఆదాయం 12 లక్షలు దాటని వారికి 60,000 రూపాయల దాకా మాఫీ ఇస్తారు. దీన్నే రిబేటు అంటారు. జీతగాళ్లకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్, అంటే బిల్లులు అడగకుండా తీసేసే మొత్తం, అదనంగా ఉంది కాబట్టి 12,75,000 జీతం దాకా పన్ను సున్నా అవుతుంది. కానీ రిటర్న్ వేయాల్సిన గీత మాత్రం 4 లక్షల దగ్గరే ఉంది. ఏడాదికి 9 లక్షల జీతం తీసుకునే టీచరుకు పన్ను రాదు. అయినా గడువు దాటాక రిటర్న్ వేస్తే 5,000 లేటు ఫీజు పడుతుంది. ఆదాయం 5 లక్షల లోపైతే ఆ ఫీజు 1,000. పన్ను లేని మనిషి ఫీజు కట్టడం కంటే దండగ ఖర్చు ఇంకోటి లేదు.

గడువు ఐటీఆర్-1, ఐటీఆర్-2 ఫారాలు వేసేవారికి జూలై 31. కిందటేడు దాన్ని సెప్టెంబర్ 16 దాకా జరిపారు, ఈసారీ జరుపుతారని కూర్చోవద్దు. ఇంకో సందేహం: ‘‘కొత్త చట్టం వచ్చిందట, లెక్కలన్నీ మారాయా?’’ ఆదాయపు పన్ను చట్టం 2025 ఈ ఏడాది ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన మాట నిజమే. ఇప్పుడు మనం వేస్తున్నది దానికి ముందటి ఏడాది ఆదాయం కాబట్టి, ఇది పాత 1961 చట్టం కిందే నడుస్తుంది.

ఇక ఎవరు ధైర్యంగా సొంతంగా వేసుకోవచ్చు? ఒక చోట జీతం లేదా పెన్షన్, ఉండడానికి ఒక ఇల్లు, బ్యాంకులో పొదుపు, నాలుగు డిపాజిట్లు. ఇంతే ఉంటే మీది ఐటీఆర్-1, ‘సహజ్’ అని పేరున్న ఫారం. ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో పాన్‌తో లాగిన్ అయితే జీతం, బ్యాంకు వడ్డీ, కోసిన పన్ను ముందే నింపి ఉంటాయి. మీ పని పోల్చి చూడడం. ఒక చేతిలో ఆఫీసు ఇచ్చిన ఫారం-16, అంటే జీతం ఎంత, పన్ను ఎంత కోశారు అని చెప్పే పత్రం. తెర మీద ఏఐఎస్, అంటే బ్యాంకులు, కంపెనీలు, రిజిస్ట్రేషన్ ఆఫీసులు మీ పాన్ మీద ప్రభుత్వానికి పంపిన లావాదేవీల చిట్టా. ఈ రెండూ కలిస్తే ముప్పావు పని అయిపోయినట్టే.

ఎక్కువమంది జారిపోయేది డిపాజిట్ వడ్డీ దగ్గర. 4 లక్షల ఎఫ్‌డీకి 7 శాతం వేసుకుంటే ఏడాది వడ్డీ 28,000. ఒక బ్యాంకులో వడ్డీ 50,000 దాటితేనే (60 ఏళ్లు నిండినవారికి లక్ష దాటితేనే) బ్యాంకు పన్ను కోస్తుంది. ఇక్కడ కోయలేదు. అందుకని ఆ వడ్డీ లెక్కలోకి రాదనుకుంటారు. ఏఐఎస్‌లో మాత్రం అది బ్యాంకు పేరుతో సహా కనిపిస్తూనే ఉంటుంది. చూపించకపోతే రెండు చిట్టాలు కలవవు, నోటీసు వస్తుంది.

పెన్షనర్లలో ఒక చిన్న తేడా ఉంది. ఉద్యోగి తీసుకునే పెన్షన్ జీతం గడిలోకి వెళ్తుంది. భర్త పోయాక భార్యకు వచ్చే ఫ్యామిలీ పెన్షన్ మాత్రం ‘ఇతర ఆదాయం’ గడిలోకి వెళ్తుంది. దాని మీద 75,000 తగ్గింపు రాదు. మూడో వంతు లేదా 25,000, ఏది తక్కువైతే అది తగ్గుతుంది. ప్రభుత్వ ఉద్యోగులకు ఇంకోటి: డీఏ బకాయిలో, పీఆర్సీ బకాయిలో ఒకేసారి చేతికొచ్చి పన్ను పెరిగితే, ఆ భారాన్ని పాత ఏళ్లకు పంచుకునే ఊరట ఉంది. దానికి ఫారం 10ఈ అనేదాన్ని పోర్టల్‌లో విడిగా నింపాలి, అదీ రిటర్న్ కంటే ముందు. ఫిబ్రవరి జీతం బిల్లుతో పాటు ఆఫీసులో కాగితం మీద ఇచ్చాం కదా అని వదిలేస్తే ఊరట పోతుంది. ఇవి తెలిస్తే చాలు, ఆడిటర్ అక్కర్లేదు.

ఇప్పుడు పొలం దగ్గరికొద్దాం. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, కోదాడ వైపు ఉద్యోగం చేస్తూ సాగు చేయించేవారు, కౌలుకిచ్చేవారు ఎందరో. ‘‘వ్యవసాయ ఆదాయం మీద పన్ను లేదు గదా, దాన్ని చూపించుడెందుకు?’’ అన్నది వాళ్లందరి ప్రశ్న. పన్ను లేదన్నది నిజం. కౌలు డబ్బుకూ అదే వర్తిస్తుంది. కానీ రెండు మెలికలున్నాయి. ఒకటి, ఖర్చులు పోను వ్యవసాయ ఆదాయం ఏడాదికి 5,000 దాటితే ఐటీఆర్-1 వేయకూడదు. ఇతర ఆదాయం జీతమే అయినా ఐటీఆర్-2కు మారాలి. రెండోది జేబుకు తగిలేది: పొలం ఆదాయం మీద పన్ను వేయరు గానీ, మీ జీతానికి ఏ రేటు పడాలో తేల్చడానికి దాన్ని కలిపి చూస్తారు.

లెక్క వేసి చూద్దాం. మిర్యాలగూడలో ఒక హెడ్మాస్టరు గారికి జీతం 11,50,000 అనుకుందాం. ఐదెకరాల వరి, ఎకరాకు 25 క్వింటాళ్ల చొప్పున రెండు పంటలు. యాసంగి వడ్లు ఏప్రిల్, మే నెలల్లో ఏ గ్రేడ్ మద్దతు ధర 2,320కి 125 క్వింటాళ్లు, వానాకాలం వడ్లు 2,389కి మరో 125 క్వింటాళ్లు అమ్మారు. మొత్తం 5,88,625. దున్నకాలు, నాట్లు, ఎరువులు, కోత మిషన్, హమాలీ పోను 3 లక్షలు మిగిలాయనుకోండి.

పొలం లేకపోతే లెక్క సులువు. 11,50,000లో 75,000 తీసేస్తే 10,75,000. దాని మీద పన్ను 47,500. రిబేటు 60,000 దాకా ఉంది కాబట్టి సున్నా. ఆఫీసులో కూడా ఇలాగే వేసి ఒక్క రూపాయీ కోయలేదు.

పొలం కలిస్తే ముందు 10,75,000కు 3 లక్షలు కలిపి 13,75,000 మీద పన్ను కట్టి చూస్తారు: 86,250. తర్వాత పొలం 3 లక్షలకు, పన్ను లేని 4 లక్షలు కలిపి 7 లక్షల మీద పన్ను చూస్తారు: 15,000. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే 71,250. రిబేటు 60,000కు మించి ఇవ్వరు. మిగిలిన 11,250 మీద 4 శాతం సెస్సు, అంటే పన్ను మీద పడే అదనపు పన్ను, 450. మొత్తం 11,700.

సున్నా అనుకున్న చోట 11,700. నెలకు పంచితే 975 రూపాయలు, గ్యాస్ బండ ఖర్చుకు అటూ ఇటూగా. ఇల్లు గుల్లయ్యేంత కాదు. కానీ ఏడాది పన్ను 10,000 దాటితే ముందే వాయిదాల్లో కట్టాలన్న రూలుంది, కట్టకపోతే నెలకు ఒక శాతం వడ్డీ పడుతుంది. జూలైలో రిటర్న్ వేస్తే ఆ ఒక్క లెక్కకే నాలుగు నెలల వడ్డీ 468. మూడేళ్ల తర్వాత పట్టుబడితే ఎంతో మీరే వేసుకోండి.

‘‘పొలం సంగతి వాళ్లకెట్ల తెలుస్తది?’’ అని మెల్లగా అడిగేవారూ ఉంటారు. కొనుగోలు కేంద్రంలో అమ్మిన వడ్ల డబ్బు ఖాతాలోనే పడుతుంది కదా. అంతకంటే పెద్ద కారణం ఇంకోటి. ఏళ్ల తరబడి పొలం మీద మిగిల్చిన డబ్బుతో రేపు సూర్యాపేటలో ఒక ప్లాటు కొంటారు, లేదా బిడ్డ పెళ్లికి 15 లక్షలు డ్రా చేస్తారు. అప్పుడు ఈ డబ్బు ఎక్కడిదని అడిగితే, ఏటా రిటర్న్‌లో చూపించిన వ్యవసాయ ఆదాయమే మీ తరఫు సాక్ష్యం. చూపించని వారికి ఆ సాక్ష్యం ఉండదు. 11,700 ఆదా చేసుకోవడానికి అంత సాక్ష్యాన్ని పోగొట్టుకోవడం నా దృష్టిలో తెలివైన బేరం కాదు.

మరి పొలం ఉన్నవారు మనిషిని పెట్టుకోవాల్సిందేనా? కూడికలు, తీసివేతలు పోర్టలే చేసుకుంటుంది. పొలం రాబడి, ఖర్చు అంకెలు మీ దగ్గర సిద్ధంగా ఉంటే ఐటీఆర్-2 మీరే వేసుకోవచ్చు. పొలం ఆదాయం 5 లక్షలు దాటితే భూమి ఏ జిల్లాలో, ఎంత విస్తీర్ణం, సొంతమా కౌలా, నీటి వసతి ఉందా లేదా అన్నవి కూడా అడుగుతుంది, పాస్‌బుక్ దగ్గర పెట్టుకోండి. మొదటి ఏడాది ఒకరి చేత చేయించుకుని, పక్కన కూర్చుని చూసి, రెండో ఏడు నుంచి సొంతంగా వేసుకోవడం మంచి దారి.

భూమి అమ్మితే మాత్రం నేను సొంతంగా వేయమని చెప్పను. ఎందుకో కిలోమీటర్లలో చెబుతా. పల్లెలో ఉన్న వ్యవసాయ భూమి అమ్మితే లాభం మీద పన్ను లేదు. అది పల్లె కిందికి వస్తుందా అన్నది పక్క మున్సిపాలిటీ జనాభాను బట్టి ఉంటుంది. జనాభా 10,000 నుంచి లక్ష లోపు ఉంటే మున్సిపాలిటీ హద్దు నుంచి 2 కిలోమీటర్లు, లక్ష నుంచి 10 లక్షల దాకా ఉంటే 6 కిలోమీటర్లు దాటి ఉండాలి. 2011 జనాభా లెక్కల్లో సూర్యాపేట, మిర్యాలగూడ రెండూ లక్ష దాటాయి. కోదాడ దాటలేదు. అంటే కోదాడ హద్దు నుంచి 5 కిలోమీటర్ల అవతల ఎకరం అమ్మినవారికి పన్ను లేదు. సూర్యాపేట హద్దు నుంచి అదే 5 కిలోమీటర్లలో అమ్మినవారికి ఉంది.

ఎంత ఉంటుందో చూడండి. 2012లో 8 లక్షలకు కొన్న భూమిని 40 లక్షలకు అమ్మితే లాభం 32 లక్షలు. 12.5 శాతం చొప్పున 4 లక్షలు, సెస్సుతో 4,16,000. కోదాడ పక్కన సున్నా, సూర్యాపేట పక్కన 4,16,000. ఈ దూరం రోడ్డు మీద తిరిగే దూరం కాదు, నేరుగా గీత గీస్తే వచ్చేది. మున్సిపాలిటీలో కొత్తగా గ్రామాలు కలిస్తే హద్దు జరుగుతుంది, దాంతో మీ పొలం లోపలికి రావచ్చు. 2024 జూలై 23కు ముందు కొన్న భూమికి ధరల పెరుగుదలను లెక్కలోకి తీసుకునే 20 శాతం దారి కూడా ఉంది, రెండూ వేసి ఏది తక్కువో చూడాలి. సాగులో ఉన్న భూమి అమ్మి, రెండేళ్లలోపు మరో వ్యవసాయ భూమి కొంటే మినహాయింపు ఉంది, దానికి షరతులున్నాయి. లక్షల్లో తేడా వచ్చే ఇలాంటి చోట చార్టర్డ్ అకౌంటెంట్‌కు ఇచ్చే ఫీజు ఖర్చు కిందికి రాదు. అమ్మిన తర్వాత కంటే, అమ్మకం ఒప్పందం రాసుకునే ముందే వెళ్లండి.

వ్యాపారాల సంగతి త్వరగా ముగిద్దాం. 44ఏడీ అని ఒక సెక్షన్ ఉంది. టర్నోవరు 2 కోట్ల లోపున్న చిన్న వ్యాపారి పుస్తకాలు రాయనక్కర్లేకుండా, నగదు అమ్మకాల మీద 8 శాతం, ఫోన్‌పే లాంటి డిజిటల్ అమ్మకాల మీద 6 శాతం లాభంగా చూపవచ్చు. నిజంగా అంతకంటే ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపాలి. ఏడాదికి 40 లక్షల కిరాణా అమ్మకాల్లో 24 లక్షలు డిజిటల్, 16 లక్షలు నగదు అయితే లాభం 2,72,000. ఫారం ఐటీఆర్-4. లారీ ఓనర్లకు 44ఏఈ ఉంది, పది బండ్ల దాకా. పెద్ద బండికి ఆర్సీలో ఉన్న మొత్తం బరువులో టన్నుకు నెలకు 1,000 చొప్పున ఆదాయం. 28 టన్నుల బండికి నెలకు 28,000, ఏడాదికి 3,36,000. ఇలాంటి మూడు బండ్లుంటే 10,08,000, రిబేటుతో పన్ను సున్నా. నాలుగో బండి రాగానే 13,44,000 అవుతుంది, సెస్సుతో 84,864 పడుతుంది. ఒకటి రెండు లారీలవాళ్లు సొంతంగా వేసుకోవచ్చు, ఎక్కువుంటే అడిగి వేయండి.

ఈ సుళువు లెక్క అందరికీ లేదు. కమీషన్ మీద బతికేవారికి 44ఏడీ పనికిరాదు. సూర్యాపేట మార్కెట్ యార్డులో అడ్తి నడిపేవారు, ఇన్సూరెన్స్ ఏజెంట్లు ఇందులోకి వస్తారు. చాలామంది తెలియక ఐటీఆర్-4 వేస్తుంటారు. వీరిది ఐటీఆర్-3, ఖర్చుల లెక్కలతో సహా. నా మాట వింటే వీరు మనిషిని పెట్టుకోవడమే మంచిది. మిల్లుల్లాంటి పెద్ద వ్యాపారాలకు ఎంపికే లేదు. ట్యాక్స్ ఆడిట్ పడితే దాని మీద సంతకం చార్టర్డ్ అకౌంటెంట్ ఒక్కరే చేయగలరు.

ఇక ఫీజు. 1,000 అడిగితే ఎక్కువా, తక్కువా? నెలకు 50,000 జీతం, 200 గంటల పని అనుకుంటే మీ గంట విలువ 250. నాలుగు గంటల మీ కష్టం ఆ ఫీజు. ఐటీఆర్-1కు మీకు గంట చాలు కాబట్టి అక్కడ సొంతంగా వేసుకుంటే లాభం. పోర్టల్ అంటేనే చేతులు వణికేవారికి ఆ వెయ్యి మనశ్శాంతి ఖరీదు, తప్పేం లేదు. కానీ ఫీజును రీఫండ్‌లో శాతంగా అడిగితే మాత్రం లేచి రండి. ‘‘మీకు 40,000 వాపసు తెప్పిస్త, పది శాతం ఇయ్యండి’’ అనే మనిషికి, మీరు కట్టని ఇంటద్దె, ఇవ్వని పార్టీ విరాళం మీ రిటర్న్‌లో రాయడమే పని. పట్టుబడితే 40,000 వెనక్కి కట్టాలి, వడ్డీ వేరే, జరిమానా 200 శాతం దాకా అంటే ఇంకో 80,000. అతను తీసుకున్న 4,000 తిరిగిరాదు, నోటీసు అతనికి రాదు. 2025 జూలైలో ఇలాంటి దొంగ మినహాయింపులు రాయించే మధ్యవర్తుల మీద దేశమంతా 150 చోట్ల తనిఖీలు జరిగాయి. అంతకు ముందు నాలుగు నెలల్లోనే దాదాపు 40,000 మంది తమ రిటర్న్‌లు సరిదిద్దుకుని 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు చెప్పింది. అయినా ఇప్పుడు 12,75,000 లోపు జీతానికి కొత్త విధానంలో పన్నే లేదు. ఎక్కువ కోసి ఉంటే నిజం రాసినా ఆ డబ్బు వాపసు వస్తుంది.

పాత ఏళ్లలో ఎవరో అలా రాసి ఉంటే? అప్‌డేటెడ్ రిటర్న్ అని నాలుగేళ్ల దాకా సరిదిద్దుకునే దారి ఉంది. మొదటి ఏడాదిలో అయితే పన్ను, వడ్డీలకు తోడు 25 శాతం అదనం. తర్వాత అది ఏటికేడు పెరిగి 70 శాతానికి చేరుతుంది. 200 శాతంతో పోలిస్తే ఇది నయం. శాఖ తలుపు కొట్టకముందే చేయాలి.

చివరగా, నెట్ సెంటర్‌లో గానీ ఆడిటర్ దగ్గర గానీ చేయించుకున్నవారంతా ఈ వారం ఒక పని చేయండి. పోర్టల్‌లో మీ పాన్‌తో లాగిన్ అయి, ప్రొఫైల్ తెరిచి, ప్రైమరీ మొబైల్, ఈమెయిల్ ఎవరివో చూడండి. చాలామందికి అక్కడ ఫైల్ చేసిన మనిషి నంబరు కనిపిస్తుంది. ఫారంలో లోపం ఉందని నోటీసు వస్తే 15 రోజుల్లో జవాబివ్వాలి. ఆ మెసేజ్ అతని ఫోన్‌కు పోతే మీకు తెలిసేసరికి గడువు దాటిపోతుంది. నంబరు మార్చి మీది పెట్టుకోండి, పాస్‌వర్డ్ కూడా మార్చండి. రిటర్న్ పంపాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేయకపోతే అది చెల్లదు. ఆ ఓటీపీ చెప్పే ముందు నింపిన ఫారం మొత్తం ఒకసారి తెర మీద చూపించమని అడగండి. జీతం, వడ్డీ, పొలం, మినహాయింపులు, రీఫండ్ పడే బ్యాంకు ఖాతా నంబరు, ఈ ఐదూ చదివాకే అంకెలు చెప్పండి. వచ్చేటప్పుడు రసీదుతో పాటు పూర్తి ఫారం పీడీఎఫ్ కూడా వాట్సాప్‌లో పంపించుకోండి.